నూట ఇరవై ఏడు పండ్ల గేరు

మా కార్ఖానల ఇనుము చెక్కే పెద్ద లేత్ మిషన్ ఇంగ్లండ్‌ది. తొమ్మిది అడుగుల కడ్డీ అలవోకగ పట్టేది. నాందేడ్ల అప్పటికి అంత పెద్దది ఇంకెక్కడ ఉన్నట్టు నేను వినలే. దాని ముందట ఒక ఇత్తడి రేకు కొట్టి ఉండె. కడ్డీకి ఎంత సందుతోని మర, అంటే స్క్రూ చుట్లు, కొయ్యాల్నంటే ఏ గేర్లు, ఎన్ని పండ్ల చక్రాలు ఎక్కియ్యాల్నో దాని మీద వరుసగ చెక్కి ఉండె. నాకు ఇంగ్లీషు రాదు. అయినా ఆ రేకు మీది అంకెలన్ని నోటికి అచ్చు. ఆ లేత్ మీద నేను పద్దెనిమిదేండ్లు నిలబడ్డ.

మాది దెగ్లూర్ అవతల, సరిహద్దు మీది ఊరు. మా నాయిన ఒకరి చేన్ల కూలి, నేను ఆయన ఎంట కూలి. నిజాం జమానల నాలుగు తరగతులు ఉర్దూల చదివిన. తర్వాత బడి మరాఠీ బడి అయింది, నేను బడికి పోవుడు బందయింది. పెండ్లయినంక నాందేడ్ అచ్చి ఈ కార్ఖానల హమాలీ పనికి చేరిన. జిన్నింగ్ మిల్లులకు, నూనె మిల్లులకు కావాల్సిన ఇనుప సామాన్లు చేసే కార్ఖాన అది. ఇనుము మోసేటోన్ని లేత్ మీద నిలబెట్టింది మా ఉస్తాద్. ఆయన అక్కడ మిస్త్రీ. అప్పటికే యాభైకి దగ్గర పడ్డ మనిషి, రైల్వే వర్క్‌షాపుల పని నేర్చినోడు. ఆయన దక్నీల మాట్లాడేది, నేను తెలుగుల జవాబిచ్చేది. ఇద్దరికీ ఏనాడూ అర్థం గానిది లేకుండె.

పని మంచిగనే నడుస్తుండె. కష్టం మిల్లీమీటర్ల తోని మొదలయింది.

సామాన్లు గీసిచ్చే పాత నక్షలన్ని ఇంచుల లెక్క. లేత్ కూడ ఇంచుల లెక్కదే. కొత్తగ అచ్చే నక్షలు మాత్రం మిల్లీమీటర్లల్ల రాబట్టె. గప్పుడే మాకు కొత్త సూపర్‌వైజర్ సాహెబ్ అచ్చిండు. పుణె దిక్కు మనిషి, డిప్లొమా చదివినోడు, నాకంటే ఎనిమిదేండ్లు చిన్న. తెలివి లేనోడని నేను అనను. అచ్చిన వారంల్నే ఒక కాగితం మీద లెక్కలు ఏసి, మిల్లీమీటర్ల మర కొయ్యాలంటే ఏ గేర్లు ఎక్కియ్యాల్నో రాసి, పనిముట్ల అల్మారి తలుపుకు అంటిచ్చిండు. ఆ కాగితం చూసి మేము చిన్న చిన్న బోల్టులు వందల కొద్ది కోసినం. అన్ని నట్టులల్ల ఎక్కినయి. ఎవ్వరికీ ఏ అనుమానం రాలే.

తర్వాత కాలువ తూముల పని అచ్చింది. తూము తలుపును పైకి లేపి కిందికి దింపేటందుకు మనిషంత పొడుగు ఇనుప కడ్డీలు కావాలె. వాటికి నిలువునా మర. మరకు మరకు నడుమ ఆరు మిల్లీమీటర్లు. ఆ కడ్డీలు ఎక్కే పెద్ద నట్లు, కంచు అసొంటి గన్‌మెటల్‌వి, ఇంకో ఊరి కార్ఖానల తయారైతున్నయి. మాకు సరి చూసుకునేటందుకు ఒక నట్టు పంపిండ్రు, బెత్తెడు పొడుగుండె.

మొదలు మూడు కడ్డీలు కోసిన. కాగితంల ఉన్నట్టే గేర్లు ఎక్కిచ్చిన. నున్నగ, అద్దం లెక్క అచ్చినయి. నాకే ముద్దొచ్చినయి. తనిఖీకి అచ్చిన ఇంజనీరు నట్టు తీసుకొని కడ్డీకి ఎక్కిచ్చిండు. నాలుగు చుట్లు తిరిగింది, ఆగింది. జోరు చేసిండు, కదల్లే. రెండో కడ్డీ, అదే తీరు. మూడోది, అదే తీరు.

ఇంజనీరు నట్టు బల్ల మీద పెట్టి పోయిండు. సూపర్‌వైజర్ సాహెబ్ అందరి ముంగట నన్ను పిలిచి మరాఠీల అడిగిండు.

"చిన్న బోల్టులు సక్కగ కోస్తవు, పెద్ద కడ్డీ అనంగనే ఎందుకు ఖరాబు చేస్తవు? నిలబడి చూసే ఓపిక లేదా?"

"సాహెబ్, నేను కాగితంల ఉన్నట్టే పెట్టిన."

"కాగితం బరాబరే ఉన్నది. చెయ్యి బరాబరు లేదు."

మల్ల కోసిన. కోసే పనిముట్టును మల్ల సాన పట్టిన. లేత్ మొత్తం తుడిచి నూనె పోసిన. నాలుగో కడ్డీ గూడ నాలుగు చుట్లకే ఆగింది. ఇగ నాకు నా చెయ్యి మీదనే శంక పట్టింది. పదేండ్ల సంది తప్పని చెయ్యి ఇప్పుడెందుకు తప్పుతున్నదని కూసొని ఆలోచిస్తే ఏమీ తోచకుండె. ఆఖరుకు స్కేలు పెట్టి కొలిచిన. నలభై మరలకు రెండు వందల నలభై మిల్లీమీటర్లు రావాలె. రెండు వందల నలభై నాలుగుకు ఎంట్రుకవాసి తక్కువ అచ్చింది. అన్ని కడ్డీలకు అదే తేడ. చెయ్యి తప్పితే ఒక్కో కడ్డీకి ఒక్కో తీరు తప్పాలె గద. నాలుగింటికి ఒక్క తీరు ఎట్ల తప్పుతది?

సాహెబ్ దగ్గరికి స్కేలు పట్టుకొని పోయిన. ఆయన స్కేలు చూడలే.

"మిషన్ పాతది, నువ్వు సక్కగ పట్టిస్తలేవు, జారుతున్నది," అన్నడు.

రెండు దినాలైనంక ఆఫీసు బాబు పిలిచిండు. ఆయన టేబుల్ మీద మరాఠీల రాసిన కాగితం ఉండె. నాకు బస్సు బోర్డులు, దుకాణం పేర్లు ఒక్కో అక్షరం పట్టుకొని చదువచ్చు. చేతిరాత చదువరాదు.

"ఏమున్నది బాబూ ఇండ్ల?" అని అడిగిన.

"ఏమున్నది, కడ్డీలు ఖరాబైనయని ఉన్నది. ఖరాబయినయా లేదా?"

"అయినయి."

"మరి సంతకం పెట్టు."

పెట్టిన. ఉర్దూల పెట్టిన, నాకు అచ్చిన సంతకం అదే. ఆయన కింది కార్బన్ కాపీ చింపి, మడిచి నా చేతుల పెట్టిండు.

ఇంటికాడ నా భార్య జాకెట్లు కుడుతుండె. ఆమెది నాయ్‌గావ్ దిక్కు. మరాఠీ బడిల ఏడు దాక చదివింది. కుట్టు మిషన్ ఆపి, కాపీ తీసుకొని చదివింది. చదివినంక ఇంకోసారి చదివింది.

"ఇది నువ్వు సంతకం పెట్టినవా?"

"పెట్టిన. కడ్డీలు ఖరాబైనయని ఉన్నదట."

"గది కాదు ఉన్నది. 'నా నిష్కాళజీపణ వల్ల కడ్డీలు ఖరాబైనయి, తప్పు నాదే, మల్ల గిట్ల చెయ్య' అని ఉన్నది."

"నిష్కాళజీపణ అంటే?"

"పని మీద ధ్యాస లేకపోవుడు. బేఫికర్‌గ ఉండుడు."

దొంగ అన్నా అంత బాధ అనిపియ్యకపోవు. ఎనకటి పదేండ్లు ఆ లేత్ ముంగట నేను ధ్యాస లేకుండ నిలబడ్డ దినం ఒక్కటి లేదు. కోపం బాబు మీదికి ఎంత అచ్చిందో నా మీదికి గంతే అచ్చింది. చదువకుండ ఎందుకు పెట్టిన? ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పుమని అడుగుడుకు ఎందుకు సిగ్గుపడ్డ? ఆమె నన్ను తిట్టలే. కాపీ మడిచి పక్కకు పెట్టి అడిగింది.

"అసలు ఏడ తప్పుతున్నది? నాకు చెప్పు."

ఆడమనిషికి లేత్ సంగతి ఏం చెప్పాలని అనుకున్న. ఆ అనుకున్నందుకు తర్వాత నాకే నవ్వచ్చింది. సాహెబ్ కాగితం లెక్క నాకు తెలుసు, అంటిచ్చిననాడు ఆయననే చెప్పిండు. ఇంచుకు ఇరవై ఐదు మిల్లీమీటర్లు పట్టి గేర్లు రాసిండు. గదే చెప్పిన.

"ఇంచుకు ఇరవై ఐదా? అంటే రెండున్నర సెంటీమీటర్లా?" అన్నది ఆమె. "నేను గట్ల పడితే జాకెట్టు బిగువైతది. ముప్పై ఆరు ఇంచుల ఛాతికి తొంభై సెంటీమీటర్లు కోసిన ఒకసారి. కుట్టిచ్చుకున్నామెకు గుండీ పడలే. బట్ట ఆమెకు నేనే ఇచ్చుకోవల్సి అచ్చింది."

ఆమె మెడల ఏసుకున్న టేపు తీసి నేల మీద పరిచింది. ఒక దిక్కు ఇంచులు, ఇంకో దిక్కు సెంటీమీటర్లు. ఇద్దరం వంగి చూసినం. పది ఇంచుల ముంగట ఇరవై ఐదు లేదు, జర ఎక్కువున్నది. ఇరవై కాడ ఇంకింత ఎక్కువ. అట్ల వేలు పెట్టి జరుపుకుంట పోతే, యాభై ఇంచుల గీత కాడ రెండు దిక్కుల గీతలు సరిగ్గ ఒక్క తీరు నిలబడ్డయి. అటు దిక్కు అంకె నూట ఇరవై ఏడు.

చిన్న బోల్టుకు ఆ తేడ తెల్వది, నట్టుల నాలుగైదు మరలే ఉంటయి గాబట్టి. బెత్తెడు నట్టుకు తెలుస్తది. నాకు సంగతి అర్థమయింది గాని దాన్ని సరిచేసే ఇలాజు అర్థం గాలే.

తెల్లారి ఉస్తాద్‌కు చెప్పిన. ఆయన కండ్లద్దాలు తీసి పట్టుకొని ఇన్నడు. నూట ఇరవై ఏడు అనంగనే తల లేపిండు.

"ఏం అంకె అన్నవ్ బేటా?"

మల్ల చెప్పిన.

"రైల్వే వర్క్‌షాపుల గోడకు ఒక గేరు వేలాడుతుండె. నూట ఇరవై ఏడు పండ్లది. మిల్లీమీటర్ల లెక్క జర్మనీ మిషన్ మరమ్మతుకు అచ్చినప్పుడే దాన్ని దించేటోళ్ళు. గిదేం అంకె, నూట ఇరవై ఉండొచ్చు, నూట ముప్పై ఉండొచ్చు, గిదెందుకని నేను ఆ జమానల అడిగిన. నాకు ఎవ్వరూ చెప్పలే," అన్నడు.

నలభై ఏండ్ల కిందటి సంగతి ఆయన దగ్గర సగం ఉండె, నా భార్య టేపు మీద సగం ఉండె. మాకు నూట ఇరవై పండ్ల గేరు ఉన్నది, లేత్‌ను నడిపే పెద్ద మర ఇంచుకు నాలుగు చుట్లది. దానికి నూట ఇరవై ఏడు పండ్ల గేరు జత చేస్తే మర సరిగ్గ ఆరు మిల్లీమీటర్లకు పడ్తది. నేను బొగ్గుతోని నేల మీద మూడుసార్లు లెక్క ఏసిన, మూడుసార్లు ఆరే అచ్చింది.

ఇగ పని అయిపోయినట్టే అనుకున్న. గేరు తెప్పియ్యుండ్రని సూపర్‌వైజర్ సాహెబ్‌ను అడిగిన.

"నూట ఇరవై ఏడా? గసొంటి గేరు లోకంల ఎక్కడన్న ఉంటదా? గేర్లన్ని ఐదు ఐదు పెరుగుకుంట అస్తయి. ఎవరు చెప్పిండ్రు నీకు?"

నా భార్య టేపు అని చెప్పలేకపోయిన. ఉస్తాద్ అన్న. ఆయన నవ్విండు. అయినా ఉస్తాద్ పట్టు పడితే మాల్ అడిగే ఫారం నింపిండ్రు. కారణం రాయలేదని ఆఫీసు నుంచి వాపస్ అచ్చింది. కారణం రాసి పంపితే, కేటలాగ్ నంబరు లేదని మల్ల వాపస్ అచ్చింది. ఒక్క గేరు, పళ్ళెమంత ఇనుప చక్రం. దాని కోసం నెల దినాలు ఒక కాగితం అటు ఇటు తిరిగింది. గా నెల దినాలు కడ్డీలు మూలకు పడి ఉన్నయి, నా ఎనక "బేఫికర్" అనుడు మాత్రం కార్ఖానల తిరుగుతుండె. దుపార రొట్టె తినేకాడ తోటి పనోళ్ళు నవ్వేటోళ్ళు. నేను అన్నం డబ్బ తీసుకొని లేత్ ఎనక కూసుండుడు మొదలువెట్టిన.

ఒకనాడు ఉస్తాద్ తుక్కు కుప్పల నుంచి పాత జిన్నింగ్ మిషన్ పుల్లీ ఒకటి దొర్లించుకుంట తెచ్చిండు.

"మనమే కోద్దాం," అన్నడు.

చక్రాన్ని నూట ఇరవై ఏడు సమాన భాగాలు చేసే సాధనం మా దగ్గర లేకుండె. దాన్ని రెండుతోని, మూడుతోని, దేంతోనీ భాగించరాదు. ఉస్తాద్ ఉపాయం చెప్పిండు. పెద్ద చెక్క చక్రం చేసి, దాని చుట్టు కొలత సరిగ్గ నూట ఇరవై ఏడు సెంటీమీటర్లు అచ్చేటట్టు చెక్కాలె. సెంటీమీటరుకొక గీత పెట్టిన కాగితం పట్టీ దాని చుట్టు అంటియ్యాలె. దాన్ని, పుల్లీని ఒకే ఇరుసుకు బిగిచ్చి, ఒక్కో గీతకు ఒక పన్ను కొయ్యాలె. నేను నా భార్య టేపు తెస్త అంటే వద్దన్నడు, బట్ట టేపు సాగుతదని. స్టీల్ స్కేలు పెట్టి ఆయన స్వయంగ గీతలు గీసిండు. కండ్లు సరిగ్గ కనవడవు గాబట్టి భూతద్దం పెట్టుకున్నడు. రెండు గీతలు తప్పు పడితే పట్టీ మొత్తం చింపి మల్ల మొదటి నుంచి గీసిండు.

కోసింది దుపార రొట్టె టైములనే, రందా లెక్క ఇనుమును గీకే షేపింగ్ మిషన్ మీద. రోజుకు ఐదు పండ్లు, ఆరు పండ్లు. కరెంటు పోతే గవి గూడ లేవు. ఒకనాడు ఒక పన్ను సగం కోసినంక కరెంటు పోయింది, ఉస్తాద్ చక్రం కదలకుండ గంట సేపు చేతులతోని పట్టుకొని కూసున్నడు. సూపర్‌వైజర్ సాహెబ్ చూసుకుంట పోయేటోడు. వద్దనలే, సరే అనలే. అట్ల ఒక నెల దాక పట్టింది.

ఆఖరు పన్ను జర లావచ్చింది. ఉస్తాద్ ఆకురాయితోని రాకి సరి చేసిండు. గేరు లేత్‌కు ఎక్కిచ్చి, ఒక తుక్కు కడ్డీ మీద మర కోసిన. నలభై మరలు లెక్కవెట్టి స్కేలు పెట్టిన. రెండు వందల నలభై. నట్టు తెచ్చి ఎక్కిచ్చిన. ఒక్క వేలుతోని తిప్పితే ఈ కొస నుంచి ఆ కొస దాక పోయింది. ఉస్తాద్ దాన్ని మల్ల ఎనకకు తిప్పుకుంట తెచ్చి, మల్ల పంపిండు, చిన్న పిలగాని లెక్క.

సాహెబ్ అచ్చి చూసిండు. నట్టు తనే తిప్పి చూసిండు.

"సరే. అన్ని దీంతోనే కొయ్యి," అని పోయిండు.

తెల్లారి అల్మారి తలుపుకు పాత కాగితం లేదు. కొత్త కాగితం ఉన్నది. అండ్ల నూట ఇరవై మీద నూట ఇరవై ఏడు అని ఆయన చేతిరాతతోని ఉన్నది, కింద ఆయన సంతకం. కడ్డీలన్ని తనిఖీల పాసైనయి. పెద్ద మేనేజర్ కార్ఖానలకు అచ్చి, సూపర్‌వైజర్ మంచి ఉపాయం కనిపెట్టిండని అందరి ముంగట మెచ్చుకున్నడు. సాహెబ్ తల ఒంచుకొని నిలబడ్డడు. నేను గాదు, వీండ్లు చేసిండ్రు అంటడేమోనని చూసిన. అనలే.

గా దినం ఇంటికి పోయి నా భార్యను అర్జీ రాయుమన్న. మొదలు నా సంతకం ఉన్న ఆ చీటి వాపస్ తీసుకోవాలె, తప్పు లెక్కది, నా చెయ్యిది గాదని రాయాలె. ఆమె మూడు దినాలు రాసింది, కొట్టేసింది, మల్ల రాసింది. ప్రతి మాట నాకు తెలుగుల చెప్పి, నేను ఊ అన్నంకనే ముందటికి పోయింది. ఈసారి ఏమున్నదో తెలిసి సంతకం పెట్టిన.

పది దినాలకు పెద్ద మేనేజర్ పిలిచిండు.

"ఈ అర్జీ ఎవరు రాసిండ్రు?"

"నా భార్య."

"అక్షరం మంచిగున్నది." కాగితం పక్కకు పెట్టిండు. "నువ్వు చెప్పింది నిజమే. నాకు తెలుసు. ఇప్పుడు పని మంచిగ నడుస్తున్నది గద, ఇంకేంది?"

"ఆ చీటి తీసెయ్యిండ్రి సాహెబ్."

"చీటి ఫైల్ల పడ్డది. నువ్వు సంతకం పెట్టినవు. సంతకం పెట్టిన కాగితాన్ని చింపేస్తే ఫైలుకు అర్థం ఏమున్నది?"

"మరి ఈ అర్జీ గూడ ఫైల్ల పెట్టుండ్రి."

పెడత అన్నడు. పెట్టిండో లేదో నేను ఎన్నడూ చూడలే.

ఏడాది తిరుగంగనే ఉస్తాద్ రిటైరయిండు. పోయేనాడు మేనేజర్ ముంగటనే, నా జాగ వీనికి ఇయ్యుండ్రి అన్నడు. అందరు తలలు ఊపిండ్రు. నెల తర్వాత మిస్త్రీ జాగల పర్భణీ నుంచి కొత్త మనిషిని తెచ్చిండ్రు. నేను పోయి అడిగితే ఆఫీసు బాబు ఫైలు తెరిచి చూపిచ్చిండు. పైననే ఉన్నది చీటి. కింద నా ఉర్దూ సంతకం. అర్జీ కోసం ఎతుకుమన్న. టైము లేదన్నడు.

కొత్త మిస్త్రీ చెడ్డోడు గాదు. పెద్ద లేత్ సంగతి ఆయనకు తెల్వది, ప్రతిదీ నన్నే అడిగేటోడు. మొదట్ల నేను చెప్పకుండ ఉండి చూసిన. ఆయన ఒక కడ్డీ ఖరాబు చేసిండు. ఆ ఖరాబైన కడ్డీని చూస్తే నాకు సంతోషం కావాలె, కాలే. మరునాటి నుంచి చెప్పుడు షురూ చేసిన. మిస్త్రీ పని నేను చేసుడు, పేరు ఆయనది.

"కొలువు ఇడిసిపెడ్త," అని ఇంట్ల రోజూ అంటుంటి.

"ఇడిసి ఏడికి పోతవు? గా లేత్ కార్ఖానల ఉన్నది, మన ఇంట్ల లేదు," అన్నది నా భార్య ఒకనాడు. గంతే. చెప్పులేసుకొని గోదావరి దాక నడిచిపోయి అచ్చిన.

మూడేండ్లకు ఆ మిస్త్రీ ఔరంగాబాద్ పోయిండు. ఎనుకటి మేనేజర్ మారిండు. కొత్తాయన నన్నే మిస్త్రీని చేసిండు. ఫైలు చూసిండో లేదో తెల్వదు. ముందుగాల ఆ చీటి తియ్యుండ్రి, తర్వాతనే తీసుకుంట అని అందామనుకొని పోయిన. నోట్లకు అచ్చిన మాట మింగి, మంచిది సాహెబ్ అన్న. ఆ మాట ఎందుకు అనలేకపోయిన్నో ఇప్పటికి నాకు నేను చెప్పుకోలేను. ఇంటికి పోయినంక సంతోషంగున్నవా అని నా భార్య అడిగింది. ఉన్న అన్న. ఆమె నమ్మలే.

సూపర్‌వైజర్ సాహెబ్‌కు పుణె బదిలీ అయినప్పుడు కార్ఖానల పూలదండలు ఏసి, దూద్‌పేడాలు పంచినం. ఆయన ఒక్కొక్కరి దగ్గరికి అచ్చి చెయ్యి కలిపిండు. నా దగ్గర జర ఎక్కువ సేపు ఆగిండు. ఇన్నేండ్లకు ఆయన తలల గూడ తెల్ల ఎంట్రుకలు అచ్చినయి.

"నువ్వు ఉన్నంక పెద్ద లేత్ గురించి నాకు ఫికర్ లేకుండె," అన్నడు.

"మీ దయ సాహెబ్," అన్న.

ఇంకో మాట ఉన్నదేమోనని ఆయన మొఖం దిక్కు చూసిన. ఉన్నట్టే అనిపిచ్చింది. ఆయన పెదవులు కదిలినయి గాని, గప్పుడే ఎవరో ఆయనను ఫోటోకు పిలిచిండ్రు. పోయిండు. నేను పేడా తిని, చేతులు తుడుచుకొని, లేత్ షురూ చేసిన.